ప్రవక్తలు దేన్ని చూసి వణికారు?

వందనాలమ్మా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బైబిల్లో ప్రవక్తల పుస్తకాలు, యెషయా నుంచి మలాకీ దాకా, ఈ ఏడాది వరుసగా చదువుతున్నానన్నారు. ఒక పేజీలో కొండలు మైనంలా కరిగిపోతుంటే, ఇంకో పేజీలో అదే దేవుడు గొర్రెపిల్లను రొమ్ముకు ఆనించుకుని మోస్తున్నాడు. ఇద్దరూ ఒకరేనంటే మనసుకు ఎక్కడం లేదు, చదివి పుస్తకం మూశాక భయమే మిగులుతోంది, ఇదంతా సండే స్కూల్ పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది అన్నారు. చివర్లో ఒక మాట అడిగారు: "దేవుని శక్తికి భయపడాలి, ఆయన మంచితనాన్ని ప్రేమించాలి, అంతేనా?"

నేనూ చాలా ఏళ్లు అంతే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా పాత నిబంధన బోధిస్తున్నాను. నడివయసులో కూర్చుని కొంత హీబ్రూ నేర్చుకున్నాను. అప్పుడు అర్థమైంది, ప్రవక్తలు అలా రెండు గదులు కట్టలేదని. భయం ఈ గదిలో, ప్రేమ ఆ గదిలో అని వాళ్లు పంచుకోలేదు. వాళ్ల మాటలు జాగ్రత్తగా చూస్తే, వాళ్ల మోకాళ్లు బాగా వణికింది ఆయన మంచితనం ఎదుటే.

నాకు ఇది మొదట తట్టింది హోషేయ 3:5 దగ్గర. మన తెలుగు బైబిల్లో ఆ వచనం సాఫీగా సాగిపోతుంది: భయభక్తులు కలిగి, ఆయన అనుగ్రహం పొందడానికి వస్తారని. హీబ్రూలో అంత సాఫీగా లేదు. "వణుకుతూ యెహోవా దగ్గరికి, ఆయన మంచితనం దగ్గరికి వస్తారు" అని ఉంది. అక్కడ వాడిన క్రియ గుండె దడదడలాడే భయానికి వాడేది. శత్రువు తరుముతుంటే పడే దడ అది. దాన్ని తీసుకొచ్చి మంచితనం పక్కన పెట్టాడు హోషేయ.

ఎందుకో తెలియాలంటే ఆ అధ్యాయం మొదలు చూడాలి. ఇల్లు వదిలి వెళ్లిపోయిన స్త్రీని హోషేయ పదిహేను తులాల వెండి, కొంత యవలు ఇచ్చి తిరిగి తెచ్చుకున్నాడు. ఐదే వచనాల చిన్న అధ్యాయం అది. ఇల్లు వదిలిపోయిన మనిషి ఏళ్ల తర్వాత తిరిగొచ్చాడనుకోండి. గుమ్మంలో తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. తలుపు తీసిన వాళ్లు ఒక్క మాటా అనకుండా "అన్నం తిన్నావా?" అని అడిగారు. అప్పుడు కాళ్లలో సత్తువ పోతుంది. తిట్టి ఉంటే నిలబడగలిగేవాడే. హోషేయ చెప్పే వణుకు ఇదే.

యిర్మీయా 33:9లోనూ ఇదే మాట ఉంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. గోడలు నిలబెట్టుకోవడానికి ఊళ్లో ఇళ్లే కూల్చుకుంటున్నారు, ప్రవక్త కావలిశాలలో బందీగా ఉన్నాడు. ఆ స్థితిలో వచ్చిన మాట: నేను ఈ ఊరికి చేయబోయే మేలు గురించి జనాలన్నీ వింటాయి, ఆ మేలంతటినిబట్టి భయపడి వణుకుతాయి. దండన విని వణకడం ఎవరికైనా అర్థమవుతుంది. మేలు విని వణకడం ఏమిటి? ఈ ప్రశ్న దగ్గర ఆగకుండా ముందుకు వెళ్తే ప్రవక్తలు మనకు చిక్కరు.

ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులమని నా నమ్మకం. హీబ్రూలో "యిర్ఆ" అనే ఒక్క పదంలోనే భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. మనకు ఎప్పటినుంచో "భయభక్తులు" అనే జంట మాట ఉంది. విడగొట్టకుండా ఒకే ఊపిరిలో పలుకుతాం. "పెద్దలంటే భయం భక్తీ లేవు" అని ఇంట్లో మందలించేది కూడా ఆ జంటతోనే. తీరా వాక్యం వివరించేటప్పుడు మాత్రం దాన్ని రెండుగా కోసేసి, "ఇది భయం కాదు, భక్తి మాత్రమే" అని సర్దిచెబుతాం. అలా సర్దిచెప్పకండి. పిల్లలకు ఆ జంట మాటను జంటగానే ఇవ్వండి.

మీరు యిర్మీయా 5:22 చదివి ఉంటారు. సముద్రం దాటకుండా ఇసుకను సరిహద్దుగా పెట్టాను, అలలు ఎంత ఘోషించినా దాన్ని దాటలేవు, మీరు నాకు భయపడరా, అని అడుగుతాడు దేవుడు. మాది కృష్ణా డెల్టాలో సముద్రానికి దగ్గర ఊరు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ రాత్రి సముద్రం ఇసుకను దాటింది. ఊళ్లకు ఊళ్లు పోయాయి, వేలమంది పోయారు. ఆ తర్వాత చాలా కాలం మా పెద్దలు ఈ వచనం వచ్చే పాఠాన్ని చర్చిలో గట్టిగా చదవలేకపోయారు. చదువుతున్నాయన ఒకసారి ఆ వచనం దగ్గర గొంతు పెగలక పుస్తకం మూసేయడం నాకింకా గుర్తుంది.

కాబట్టి ఈ వచనాన్ని నేను తేలిగ్గా చెప్పను. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇది సమాధానమని ఎవరైనా అంటే ఒప్పుకోను. యిర్మీయా కూడా దీన్ని అలా వాడలేదు. తన తల నీళ్లమయం, తన కన్ను కన్నీళ్ల ఊట అయితే బాగుండునని ఏడ్చిన మనిషి ఆయన. అంతకు ముందు అధ్యాయంలోనే భూమి మళ్లీ నిరాకారంగా, శూన్యంగా అయిపోవడం దర్శనంలో చూశాడు. హద్దు తెగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. తెలిసే ఇసుక గురించి మాట్లాడాడు. రాతిగోడ అనలేదు చూడండి. పిడికిట్లో పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయే ఇసుక. అంత పెద్ద సముద్రం రోజూ దాని దాకా వచ్చి వెనక్కి పోతోంది. తీరంలో పుట్టిన నాకు కూడా ఇది వింతగా కనబడింది ఉప్పెన తర్వాతే. అంతకు ముందు అది మామూలు విషయం.

అసలు సంగతి రెండు వచనాల తర్వాత ఉంది. 5:24లో యిర్మీయా ఫిర్యాదు వేరు: తొలకరి వర్షాన్నీ కడవరి వర్షాన్నీ వాటి కాలంలో కురిపించే, కోతకాలపు వారాలను మనకు తప్పకుండా రప్పించే దేవునికి భయపడదాం రండి అని వీళ్లు మనసులో కూడా అనుకోరు. వాళ్ల దేశంలో తొలకరి అంటే అక్టోబరు, నవంబరు వాన. ఆరునెలల ఎండకు రాయిలా మారిన నేల అప్పుడే దున్నడానికి మెత్తబడుతుంది. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో పడి గింజ పాలుపోసుకునేలా చేస్తుంది. మన తొలకరి జూన్‌లో అయినా ఆ మాట వినగానే మన రైతుకు కలిగేదీ వాళ్లకు కలిగేదీ ఒకటే.

22లో సముద్రం గురించీ 24లో వాన గురించీ హీబ్రూలో వాడింది ఒకే క్రియ. ఘోషించే సముద్రం ముందు ఏ భయమో, నేలలోకి ఇంకే చినుకు ముందూ అదే భయం. యిర్మీయా బాధ ఏమిటంటే జనానికి ఇది రెండోచోట కనబడటం లేదు. తుఫాను వస్తే దేవుడు గుర్తొస్తాడు, వాన టైముకు పడితే ఎరువుల ధర గుర్తొస్తుంది.

ఇక యెషయా 6. మీరు భయపడ్డానన్న అధ్యాయం ఇదే. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చోనివ్వండి.

"రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున" అని మొదలవుతుంది. క్రీ.పూ. 740 ప్రాంతం. ఈ తేదీ ఊరికే వేసింది కాదు. ఉజ్జియా యూదా దేశాన్ని 52 ఏళ్లు ఏలాడు. బురుజులు కట్టించాడు, తొట్లు తవ్వించాడు, వ్యవసాయమంటే ఇష్టపడే రాజు. బలం పెరిగాక గర్వం వచ్చింది. మందిరంలో యాజకులు మాత్రమే వెళ్లాల్సిన చోటికి చేతిలో ధూపార్తి పట్టుకుని వెళ్లాడు. ఎనభైమంది యాజకులు అడ్డుపడ్డారు. ఆయన కోపంతో ఊగిపోతుండగా నొసట కుష్ఠు పొడిచింది. చనిపోయేదాకా వేరే ఇంట్లో ఒంటరిగా బతికాడు. ధర్మశాస్త్రం ప్రకారం కుష్ఠరోగి పైపెదవి కప్పుకుని "అపవిత్రుడను, అపవిత్రుడను" అని కేకవేయాలి.

ఆ రాజు పోయిన ఏడాది యెషయా అదే మందిరంలో అసలు రాజును చూశాడు. చూసింది పూర్తిగా కూడా కాదు, వస్త్రపు అంచులకే మందిరం నిండిపోయింది. సెరాపులు అనే రెక్కల దూతలు రెండు రెక్కలతో ముఖాలు కప్పుకున్నారు. గడప కమ్ముల పునాదులు కదిలాయి, మందిరమంతా పొగ. అప్పుడు యెషయా నోటి నుంచి వచ్చిన మాట: అయ్యో, నేను అపవిత్రమైన పెదవులు గలవాడను. అది కుష్ఠరోగి కేక! రాజుకు నొసట పొడిచింది తనకు పెదవుల మీదే ఉందని ప్రవక్తకు తెలిసిపోయింది. ఐదో అధ్యాయంలో ఆరుసార్లు ఊళ్లోవాళ్ల మీద అయ్యో అన్నవాడు ఆరో అధ్యాయంలో ఏడోసారి తన మీదే అయ్యో అన్నాడు.

చాలామంది ఇక్కడిదాకా చదివి భయంతో ఆగిపోతారు. తర్వాతి వచనంలో సెరాపు బలిపీఠం మీద నుంచి "కారుతో" నిప్పు తీసుకుని ఎగిరి వచ్చాడు. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. నా క్లాసులో ఒక బాబు అడిగితే, పక్క వంటగదిలోంచి పట్టుకారు తెచ్చి చూపించాను. పొయ్యి మీద నుంచి వేడి గిన్నె దింపే పట్టుకారే. సెరాపు అనే పేరులోనే మండటం అనే అర్థం ఉంది. తానే నిప్పులాంటివాడు, అయినా ఆ కణికను పట్టుకారుతో తీశాడు. అలాంటి నిప్పును తెచ్చి మనిషి పెదవులకు, ఒంట్లో అంత సున్నితమైన చోట, అపవిత్రమని అతనే ఒప్పుకున్న చోట తగిలించాడు. పెదవులు కాలిపోయాయని లేదు. నీ పాపానికి ప్రాయశ్చిత్తమైంది అని ఉంది. ఉజ్జియా తనంతట తాను లోపలికి తోసుకుపోతే నొసలు పాడైంది. యెషయా తన అపవిత్రత ఒప్పుకుంటే బలిపీఠమే అతని దగ్గరికి వచ్చింది. పునాదులు కదిలించిన శక్తీ, పెదవి శుద్ధి చేసిన దయా ఒకే మందిరంలోవి, ఒకే పొగలోవి.

ఆ తర్వాత గానీ స్వరం వినబడదు. అదీ ఆజ్ఞ కాదు, ప్రశ్న: ఎవరిని పంపుదును? అంత మహిమ ఒక మనిషి జవాబు కోసం ఆగింది.

యూదులు ఇప్పటికీ సమాజమందిరంలో "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అనే ఈ మాట వచ్చినప్పుడు పాదాలు రెండూ దగ్గర చేర్చి నిలబడి, ప్రతి మాటకూ మడమలెత్తి మునివేళ్ల మీద లేస్తారు. భయమే అయితే కిందికి వంగాలి. వాళ్లు పైకి లేస్తారు. మీ పిల్లల చేత ఒకసారి అలా చేయించి చూడండి. వివరణ అక్కర్లేదు.

ఏలీయా సంగతి మీకు కొట్టినపిండే గనుక క్లుప్తంగా చెబుతాను. హోరేబు కొండ దగ్గర కొండలు బద్దలయ్యే గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, మెరుపు మంట వచ్చింది. ఈ మూడింటికీ ఆయన ముఖం కప్పుకున్నట్టు రాయలేదు. నిమ్మళంగా మాట్లాడే ఆ చిన్న స్వరం విన్నాకే దుప్పటితో ముఖం కప్పుకుని గుహ వాకిట్లోకి వచ్చాడు. అంతకు ముందు చెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్న మనిషికి నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు పెట్టి, తిను, ప్రయాణం నీ శక్తికి మించింది అని తట్టి లేపారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రొట్టె పెట్టినవాని గొంతే అది.

మరి ఆ కోపం మాటలన్నీ ఏమిటి అంటారు. ఆమోసును చూడండి. తెకోవలో పసులకాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. ఆరుబయట పడుకునే మనిషి కాబట్టి నక్షత్రాలు తెలుసు. సప్తఋషులనూ మృగశిరనూ చేసినవాడు, కారుచీకటిని ఉదయంగా మార్చేవాడు అని పాడతాడు. పాడుతూ పాడుతూ ఒక్కసారిగా సంతలోకి దిగుతాడు. పండుగ ఎప్పుడైపోతుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని ఆగలేకపోతున్న వ్యాపారులు, తగ్గించిన కుంచం, తప్పుడు త్రాసు, చచ్చు గింజలు, ఒక జత చెప్పులకు అమ్ముడుపోయే పేదవాడు. ఇదంతా చెప్పి ఒక ప్రశ్న అడుగుతాడు (8:8): ఇందువల్ల భూమి కంపించదా? ఆ పుస్తకం మొదటి వచనంలోనే ఉజ్జియా నాటి భూకంపం ప్రస్తావన ఉంది. హాసోరు అనే ప్రాచీన నగరం తవ్వకాల్లో బయటపడ్డ కూలిన గోడలు ఆ కాలపు భూకంపానివేనని పురావస్తు శాస్త్రవేత్తలు చెబుతారు. ఆమోసుకు ఆ వణుకు కారణం త్రాసు.

ఇప్పుడు యెషయా 40 తెరవండి. పుడిసిటితో నీళ్లు కొలిచినవాడు, జేనతో ఆకాశాన్ని కొలిచినవాడు, త్రాసుతో కొండలను తూచినవాడు ఎవడు? (మన పాత అనువాదకులు "పుడిసిలి", "జేన" అనే మాటలు ఎంచుకున్నందుకు నేను ప్రతిసారీ వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను. మీ అరచేతిలో ఒకసారి నీళ్లు పట్టి చూడండి, ఎన్ని పడతాయో.) కొండలు తూచే త్రాసు ఆయనది. పేదరాలి కొంగులో పోసే గింజలను తూచే త్రాసు మీద కూడా ఆయన కన్నుంది. ఆయన శక్తి ఎంత పెద్దదో ఆయన మంచితనం చూపు అంత సన్నగా, గింజ గింజ దాకా దిగుతుంది. ప్రవక్తల కోపం వాక్యాలు చదివేటప్పుడు మీరు సంతలో ఏ వైపు నిలబడి వింటున్నారో చూసుకోండి. త్రాసు పట్టుకున్నవాడికి అవి పిడుగులే. కొంగు పట్టిన ఆమెకు అదే మాట, నన్నెవరో చూస్తున్నారు అన్న ధైర్యం. నహూము మొదటి అధ్యాయంలో మేఘాలు ఆయన పాదధూళి, కొండలు కంపిస్తాయి అని చెబుతూ చెబుతూ మధ్యలో "యెహోవా ఉత్తముడు" అని రావడం కూడా నాకు ఇలాగే అర్థమైంది. అది విషయం మార్చడం కాదు.

పిల్లల సంగతి. వాళ్లకు యెషయా 6తో మొదలుపెట్టకండి, యెహెజ్కేలు చూసిన చక్రాల దర్శనంతో అసలే వద్దు. యెహెజ్కేలంతటివాడే ఆ దర్శనం తర్వాత చెరపట్టబడ్డవాళ్ల మధ్య ఏడు రోజులు మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు.

యోనా మొదటి అధ్యాయం తీసుకోండి. కథ అందరికీ తెలుసు గనుక ఎవరూ సరిగ్గా చదవరు. చేప రాకముందే ఆగి, ఓడవాళ్లను చూడమనండి. వాళ్లు ఎప్పుడెప్పుడు భయపడ్డారో లెక్కపెట్టమనండి. తుఫాను రాగానే భయపడ్డారు (1:5). యోనా సముద్రాన్ని చేసిన దేవుని నుంచి పారిపోతున్నాడని తెలిసి ఇంకా భయపడ్డారు (1:10). మూడోది సముద్రం పొంగు ఆగిపోయిన తర్వాత (1:16): అప్పుడు యెహోవాకు మిగుల భయపడి, బలి అర్పించి మొక్కుబళ్లు చేశారు. ప్రమాదం పోయింది, అలలు సర్దుకున్నాయి, ఓడ నిలిచింది. భయం మాత్రం తగ్గలేదు, పెరిగింది, దానికొక పేరు కూడా దొరికింది. వీళ్లు యూదులు కారు, ఆ రోజు పొద్దున ఎవరి దేవునికి వాళ్లు మొరపెట్టుకున్న నావికులు. యెహోవాకు భయపడేవాణ్ని అని నోటితో చెప్పిన యోనానేమో నీనెవె ఊరి మీద ఆయన జాలి చూసి అలిగి కూర్చుంటాడు. నాలుగో అధ్యాయంలో అతని కోపమంతా దేవుడు మరీ మంచివాడని.

కిందటేడు ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలను అడిగాను: గాలి ఆగిపోయింది కదా, మరి ఇంకా ఎందుకు భయం? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక చాప మీద కూర్చున్న ఎనిమిదేళ్ల పాప చెయ్యి కూడా ఎత్తకుండా అంది: "ఆగిపోయిందంటే ఎవరో విన్నారు కదండీ."

ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు, ప్రార్థన చేసి పిల్లలను ఇళ్లకు పంపించేశాను.